ఎనిమిదింటికి చెయ్యమన్న ఫోను

ఆకాశాన్ని చూడకుండానే ఆకాశం గురించి ముప్పై మూడేళ్లు జీతం తీసుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఆ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతారు. కాగితం చుట్టలు, సిరా కలాలు, ఏడాదికోసారి ఓడలో వచ్చే ట్రంకుపెట్టెలు అంటూ ఏవో చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పరువు పోతుందని భయం. రిటైరై ఇన్నేళ్లయ్యాక పోవడానికి పెద్దగా పరువేమీ మిగల్లేదు గనక ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. దక్షిణ ధ్రువం వైపు, మంచు మీద, మన దేశానికి ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ మా కార్యాలయం వాళ్లు ఒక పెట్టె పెట్టారు. నక్షత్రాల నుంచి సన్నగా ఒక రేడియో రొద ఎప్పుడూ భూమికి వస్తూనే ఉంటుంది. ఆ పెట్టె దాన్ని పగలూ రాత్రీ వింటూ, ఎంత వినిపిస్తే అంత ఎత్తున ఒక గీత గీస్తుంది. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే విద్యుత్తు నిండిన రేణువులు బయల్దేరి రెండు మూడు రోజుల్లో మన దాకా వస్తాయి. భూమికున్న అయస్కాంత శక్తి వాటిని మన నెత్తిన పడనివ్వదు, ధ్రువాల వైపు మళ్లించి అక్కడ దింపుతుంది. అవి దిగినచోట చాలా ఎత్తున ఉండే పలచటి గాలి అంతా కల్లోలమైపోతుంది. అక్కడ చీకటిగా ఉంటే పచ్చటి, ఎర్రటి వెలుగులు పరదాల్లా ఊగుతాయట. అదే సమయంలో ఆ గాలి రేడియో తరంగాలను మింగేస్తుంది. మా పెట్టెకు నక్షత్రాల రొద వినపడదు, గీత కింద పడుతుంది. ఎప్పుడు పడింది, ఎంత పడింది, ఎంతసేపటికి లేచింది అని కొలిచి రాయడమే నా ఉద్యోగం.

నెలాఖరున ఇంకో పని ఉండేది. ఆ నెలలో అన్నిటికన్నా ప్రశాంతంగా గడిచిన అయిదు రోజులు ఏరాలి. ప్రశాంతమైన రోజున గీత ఎక్కడుంటుందో తెలిస్తేనే అల్లరి రోజున ఎంత పడిందో తెలుస్తుంది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది మా ఆఫీసులో అందరికీ ఇదో వేళాకోళం. "మేడం, ధ్రువం సంగతి సరే, ఎల్బీనగర్‌ల అయిదు ప్రశాంతమైన రోజులు ఏరి చూపెట్టుండ్రి" అనేవాళ్లు. ఒకరోజు బంద్, ఒకరోజు ర్యాలీ, ఒకరోజు రాస్తారోకో. తమాషా ఏమిటంటే, బంద్ రోజున లారీలు తిరగవు, వాటి ఇనుము అడ్డురాదు గనక మా ఆవరణలో భూమి అయస్కాంతాన్ని కొలిచే యంత్రం గీత అద్దంలా వచ్చేది. ఊరంతా అట్టుడికిపోతున్న రోజే మా కాగితం మీద ప్రశాంతమైన రోజు.

ఆ వెలుగులు ఒక్కసారి చూడాలని నాకు ఉండేది. ఉండేది అంటే చిన్నమాట. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక చుట్ట విప్పి, గీత అమాంతం కింద పడినచోట వేలు పెట్టి, ఈ క్షణాన అక్కడ తలెత్తి చూసినవాడికి ఏం కనపడి ఉంటుంది అనుకున్నాను. అప్పటి నుంచి ఇరవై ఏడేళ్లపాటు ప్రతి గీత దగ్గరా అదే అనుకున్నాను. శీతకాలపు బృందానికి మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. మూడుసార్లూ వైద్యపరీక్షలో రక్తపోటు ఎక్కువుందని వెనక్కి పంపారు. ఆ పరీక్ష గదిలోకి వెళ్లగానే ఆశకొద్దీ గుండె దడదడలాడేది, ఇక రక్తపోటు ఎక్కువ ఉండక ఏం చేస్తుంది? ఒకసారి వేసవి బృందంలో వెళ్లమన్నారు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు, వెలుగులు కనపడవు. ఆ మాత్రానికి అంతదూరం దేనికని మొండికేసి మానేశాను. ఇప్పుడు తలుచుకుంటే వెళ్లి ఉండాల్సింది అనిపిస్తుంది. కనీసం ఆ మంచు మీద నిలబడేదాన్ని.

ఆ ఏడాది శీతకాలానికి మా సెక్షన్ నుంచి వెళ్లినవాడు నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. తుర్కయంజాల్ దగ్గర పల్లెలో పుట్టిన కుర్రాడు, భౌతికశాస్త్రం బాగా చదువుకున్నాడు. నన్ను అక్కా అనేవాడు. చిన్నప్పుడే తండ్రి పోతే అన్నే సాకి చదివించాడు. ఆ అన్న అప్పటికి పెద్ద అంబర్‌పేట్‌లో ప్లాట్ల వ్యాపారం చేస్తూ, ఎల్బీనగర్‌లో ఉద్యమాన్ని ముందుండి నడిపేవాడు. తమ్ముడు మంచుకి వెళ్తున్నానని చెప్పిన రోజు ఇంట్లో పెద్ద రభస జరిగింది. "తెలంగాణ ఒచ్చే టైముల నువ్వు పోయి మంచుల కూసుంటవా? పో. పోయినోనివి మల్ల నా గడప తొక్కకు" అన్నాడట అన్న. వీడూ పౌరుషం కలవాడే. ఒక్కమాట అనకుండా పెట్టె సర్దుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

రోజూ మధ్యాహ్నం మూడున్నరకి అతని దగ్గర్నుంచి ఆ రోజు ఫైలు మెయిల్లో వచ్చేది. దాని కింద ఒకటి రెండు ముక్కలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. "అక్కా, ఎల్బీనగర్‌ల ఏం నడుస్తుంది? మా ఊరోళ్లు ఒచ్చిన్రా?" అని. నేను షేర్ ఆటోలో వస్తూ చూసినవన్నీ రాసేదాన్ని. ఎవరు ఏ జెండా పట్టుకున్నారు, చౌరస్తాలో ఏ పాటలు పాడుతున్నారు, మీ అన్నయ్య మైకు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడు, అన్నీ. మాది గుంటూరు వైపు. నా యాస వినగానే ఆటోలో పక్కవాళ్లు "మీదేవూరు మేడం?" అని అడిగే రోజులవి. అయినా అతని కోసం రోజూ చౌరస్తాలో దిగి పది నిమిషాలు నిలబడేదాన్ని. బదులుగా నేనడిగేది ఒకటే. "ఆకాశం ఎలా ఉంది?" దానికి అతని జవాబు ఎప్పుడూ ఒకే తీరు. "బాగుందక్కా. పచ్చగుంది. ఊగుతుంది." నాకు ఏడుపొచ్చేది. నేను ఇరవై ఏడేళ్లు ఎదురుచూసినదాన్ని అతను మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. అతని మనసంతా ఎల్బీనగర్ చౌరస్తాలో ఉంది. నా మనసు అతని కిటికీ బయట ఉంది.

జూన్‌లో వంటావార్పు పెట్టారు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చుని తినే నిరసన. ఆ ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి భోజనాల దాకా విజయవాడ రోడ్డు మీదే ఉంటామన్నారు. మంచు కేంద్రంలో ఆదివారాలు ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు ఉపగ్రహం ఫోను ఇస్తారు. అన్నాతమ్ముళ్లని కలపాలని నాకు బుద్ధి పుట్టింది. వెళ్లి అన్నని అడిగాను. ఆయన "ఆ దినం చేయమనుండ్రి. మనోళ్లందరు ఉంటరు. డప్పులు వింటడు" అన్నాడు. తమ్ముడితో మాట్లాడతాను అనలేదు గానీ అర్థం అదే. తమ్ముడికి రాస్తే, సాయంత్రం ఆరింటికి తన వంతు అని, తప్పకుండా చేస్తానని జవాబు ఇచ్చాడు. ఆ రోజు మెయిల్ కింద మూడు ముక్కలు కాదు, పది వాక్యాలున్నాయి.

ఇక నేను చేసిన పని. శుక్రవారం నాడు సూర్యుడి మీద పేలుడు జరిగింది. శనివారం ఆఫీసుకి సూచన వచ్చింది, ఆదివారం రాత్రి ఏడు తొమ్మిది మధ్య రేణువులు భూమిని తాకవచ్చని. జూన్ అక్కడ నడి శీతకాలం, మధ్యాహ్నం కాస్త మసక వెలుగు తప్ప సూర్యుడు పైకి రాడు. మనకి ఎనిమిదయ్యేసరికి అక్కడ బాగా చీకటి. ఫోను గదికి ఒక కిటికీ ఉందని అతనే రాశాడు. నా బుర్రలో లెక్క తిరిగింది. ఆరింటికి బదులు ఎనిమిదింటికి చేస్తే, అన్నతో మాట్లాడి తర్వాత ఫోను నాకిస్తే, వెలుగులు మొదలవుతుండగా, కళ్లతో చూస్తూ చెబుతాడు. గతంలో చూసిన వందల గీతలు నాకు కంఠతా వచ్చు. ఉపగ్రహం ఫోను కూడా ఆ పైగాలి గుండానే రావాలి, కానీ అది మెల్లగా చిక్కబడుతుంది, గీత పూర్తిగా పడిపోవడానికి అరగంటైనా పడుతుంది, ఫోను చెడేలోగా రెండు పనులూ అవుతాయి అనుకున్నాను. "ఆరింటికి ఇక్కడ ఉపన్యాసాలుంటాయి, ఏమీ వినపడదు. వంతు మార్చుకుని ఎనిమిదింటికి చెయ్యి" అని రాశాను. ఉపన్యాసాల సంగతి నేను కల్పించింది. "సరే అక్కా" అన్నాడు.

ఆదివారం బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచాను. ఎప్పుడూ హారన్లతో హోరెత్తే రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. చౌరస్తా దగ్గర పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. ఒక మూల నిలబడితే అన్న చూసి పిలిచి, బంతిలో కూర్చోబెట్టి తనే వడ్డించాడు. "తినుండ్రి మేడం. మీరు తినేంత కారం లేదు గని, ఈ పూటకి సర్దుకోండ్రి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. పొద్దుటి నుంచీ ఉన్న బెరుకు ఆ పూట పోయింది.

ఎనిమిది దాటి రెండు నిమిషాలకి నా ఫోను మోగింది. "అక్కా, మొదలైందక్కా. కిటికీల నుంచి కనవడుతుంది..." అన్నాడు. ఆ గొంతులో ఎప్పుడూ లేని ఉద్రేకం. ఇంకొక్క మాట వినాలని ప్రాణం కొట్టుకుంది. పక్కనే అన్న నిలబడి ఉన్నాడు, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "ముందు మీ అన్నయ్యతో మాట్లాడు" అని ఫోను ఆయనకిచ్చాను.

"అరేయ్, నేనురా" అన్నాడాయన. అవతల నుంచి "అన్నా" అన్న పిలుపు విన్నాడనుకుంటాను, మొహం ఒక్కసారి మెత్తబడింది. డప్పుల మోతలో ఒక చెవి మూసుకుని, అరుస్తూ మొదలుపెట్టాడు. అరవకపోతే తన మాట తనకే వినపడని గోల. అప్పుడు చూశాను. ఆయన చెంప దగ్గర ఫోను తెర వెలిగి ఆరింది. లైను పోయినప్పుడు వెలిగే వెలుగు అది.

ఆయనకి తెలియలేదు. ఆపకుండా చెబుతున్నాడు. "ఆ దినం గడప తొక్కకన్న గద. నిన్ను ఆపనీకి నాకు తిట్టుడు తప్ప వేరేది రాలేరా. బాపు పోయినంక నిన్ను నేనే సాదిన. గంత దూరంల నీకేమన్న అయితే నేనెవ్వరికి జవాబు చెప్పాలె? గందుకే తిట్టిన. కోపం లేదు. నీ అర్రకు తాళమేసిన. ఎవ్వర్ని పోనిస్తలేను. నువ్వొచ్చినంకనే తీస్త." ఇలాగే అయిదారు నిమిషాలు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లిన సంగతి కూడా చెప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు. నేను చెయ్యి చాచి ఆపి ఉండాల్సింది. ఆ మనిషి జన్మలో మొదటిసారి అలా మాట్లాడుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. మధ్యలో వెళ్లి, ఫోన్లో ఎవరూ లేరండీ అని ఎలా చెప్పను?

ఫోను తిరిగి ఇస్తూ "విన్నడు. ఏమనలే. గంతే వాడు" అన్నాడు. "సిగ్నలు..." అని ఏదో గొణిగాను. "సిగ్నల్ గాదు మేడం. వాని మనసు ఇరిగింది" అని గుండిగల వైపు వెళ్లిపోయాడు. తెర మీద చూశాను. మాట్లాడిన సమయం ఒకటిన్నర నిమిషం.

రెండు రోజులు మంచు కేంద్రంతో ఏ సంబంధమూ లేదు. మూడో రోజు ఫైలు వచ్చింది. గీత మెల్లగా దిగలేదు. గోడ మీద నుంచి దూకినట్టు ఒక్క నిమిషంలో పడిపోయింది. ఇరవై ఏడేళ్లలో అలాంటివి మూడో నాలుగో చూశాను, లెక్క వేసేటప్పుడు అవి గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకోవాలని అప్పుడు నాకు లేదు. ఫైలు కింద తమ్ముడి మాట: "అరేయ్ నేనురా అన్నది విన్న. తర్వాత ఏం లేదు. మల్ల తిట్టిండా అక్కా?"

ఆ గీత అచ్చు తీసుకుని పెద్ద అంబర్‌పేట్ వెళ్లాను. ప్లాట్ల ఆఫీసులో టేబుల్ మీద లేఅవుటు కాగితం పక్కన దాన్ని పరిచి, ఇక్కడ గీత పడింది, ఇక్కడే లైను పోయింది, మీ తమ్ముడు ఏదీ వినలేదు అని చెప్పాను. ఆయన గీత పడినచోట వేలు పెట్టి చూశాడు. తర్వాత తలెత్తి, "మీ నౌకరీ గిదే గద మేడం. గిట్ల పడుతదని మీకు ముందుగాల తెల్వదా?" అన్నాడు.

నిజం చెప్పడానికి అదే సమయం. నాకు తల కొట్టేసినట్టయింది. "అంచనాలే గానీ కచ్చితంగా ఎవరూ చెప్పలేరండీ" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెట్టేది. ఆయన నమ్మాడు. మళ్లీ ఫోను ఏర్పాటు చేస్తానంటే తల అడ్డంగా ఊపాడు. "ఇంకోపారి నాతోని గాదు. మీరు పక్కనే ఉన్నరు, విన్నరు. మీరే చెప్పుండ్రి."

తమ్ముడికి ఆ మాటలు చేరవేయడంలోనూ తప్పు చేశాను. ఉత్తరాలు రాసే అలవాటు కొద్దీ మా తీరులో, పద్ధతిగా రాశాను. మీ అన్నయ్యగారికి కోపం లేదట, నీ క్షేమం గురించిన భయంతోనే అలా అన్నారట, నీ గదికి తాళం వేసి ఉంచారట, నువ్వు వచ్చాకే తీస్తారట. జవాబు వచ్చింది: "మా అన్న గిట్ల మాట్లాడడక్కా. నన్ను ఖుషీ చెయ్యనీకి రాస్తున్నవు." ఎంత రాసినా నమ్మలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు రోజూ మూడున్నరకి ఫైలు వచ్చేది. దాని కింద ఒక్క ముక్క ఉండేది కాదు. పచ్చగుంది, ఊగుతుంది అన్నా చాలని ఎదురుచూసేదాన్ని.

మరుసటి ఏడు మార్చిలో అతను తిరిగొచ్చాడు. వచ్చిన నాలుగో రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి గంట కొట్టాడు. చిక్కి సగమయ్యాడు, గడ్డం పెరిగింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, "అన్న తాళం తీసిండక్కా" అన్నాడు.

నేను ఇంకో గ్లాసు నీళ్లు ముందు పెట్టాను.

"ఏమనలే. నేను పోంగనే లోపటికి పోయి తాళంచెవి తెచ్చి, అర్ర తెరిచి, వాకిట్ల కూసున్నడు. లోపట అంత దుమ్ము. ఏడాదిల ఒక్కలు గూడ పోలే. అప్పుడు నీ మెయిల్ యాదికొచ్చింది. నిజమే రాసినవు."

నా కడుపులో ఉన్నదంతా అప్పుడు బయటపడింది. ఆరింటికి ఉపన్యాసాలేవీ లేవని, శనివారమే సూచన చూశానని, వెలుగులు చెప్పించుకోవాలనే ఎనిమిదింటికి మార్చానని చెప్పేశాను. అతను వింటూ తల వంచుకున్నాడు.

"నాకెరుకే" అన్నాడు. "ఆ సూచన మెయిల్ మాకు గూడ ఒస్తది గదక్కా."

"మరి ఎందుకు ఒప్పుకున్నావురా?"

"ఇరవై ఏడేండ్ల సంది ఎదురుచూస్తున్నవు. నువ్వడిగితే నేను ఎన్నడు సరిగ చెప్పలే. ఆ ఒక్కనాడన్న చెప్దామనుకున్న. రెండు అయితయనుకున్న." జేబులోంచి నాలుగు మడతల కాగితాలు తీశాడు. "లైన్ పోయినంక బయటికి పోయిన. నిలబడి రాసిన. చేతులు కొంకర్లు పోయినయ్, అక్షరాలు మంచిగ లెవ్వు."

ఆ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. అంచుల నుంచి గులాబిరంగు ఎలా కారిందో, నెత్తిమీద ఒకచోటి నుంచి గీతలన్నీ గొడుగు ఊచల్లా ఎలా విచ్చుకున్నాయో, మంచు మీద పచ్చటి వెలుగులో తన నీడ ఎలా కదిలిందో నిమిషం నిమిషం రాశాడు. నేను కోరుకున్నదంతా అందులో ఉంది. అతను అవి రాస్తున్న నిమిషాల్లోనే ఇక్కడ వాళ్లన్న ఖాళీ ఫోన్లోకి అరుస్తున్నాడు. ఆ సంగతి మరిచిపోయి ఆ కాగితాలు ఒక్కసారైనా చదువుకోలేకపోయాను. అన్నకి ఇప్పటికీ ఆ టైము ఎవరు పెట్టారో తెలియదు. ఆయన ఇంకా ఎల్బీనగర్‌లోనే ఉన్నాడు. ఈ రాత చూస్తే తెలుస్తుంది. తిట్టాలనుకుంటే మా ఇల్లు ఎక్కడో ఆయనకి తెలుసు.

ఆ సాయంత్రం కాగితాలు నా చేతిలో పెట్టాక తమ్ముడు వెళ్లలేదు. కాసేపు కిటికీలోంచి కోచింగ్ సెంటర్ బోర్డులు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "నీ రాతల వొద్దక్కా. అన్న ఎట్లన్నడో గట్లనే చెప్పు" అన్నాడు.

గుంటూరు వైపు మనిషిని. ఆ యాస నా నోట పలకదు. అయినా లేచి నిలబడ్డాను, ఆయన నిలబడ్డట్టు. ఒక చెవి మూసుకున్నాను. "అరేయ్, నేనురా. నిన్ను ఆపనీకి నాకు తిట్టుడు తప్ప వేరేది రాలేరా" అన్నాను. బడికి ఎత్తుకెళ్లింది, బాపు పోయింది, తాళం వేసింది, ఒక్కటీ వదలకుండా అంతా చెప్పాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

అయిపోయాక, "ఇంకోసారి చెప్పవా?" అన్నాడు.

చెప్పాను. ఈసారి ఆయనలాగే అరిచాను. వంటింట్లోంచి మా ఆయన ఏమైందోనని బయటికి వచ్చి చూశారు.